అత్తగారి ఊళ్లో (లంపుంగ్, సుమత్రా) కాఫీ తోట కొని అక్కడే ఉండిపోదామని – తెలిసినవాళ్లు చెప్పండి

లంపుంగ్_అల్లుడు
మా ఆవిడది ఇండోనేషియా. సుమత్రా దక్షిణపు కొసన లంపుంగ్ బరత్ జిల్లా, లివా టౌన్ నుంచి ఇంకా లోపలికి పోవాలి. వానాకాలంలో ఆఖరి కొన్ని కిలోమీటర్లు బైక్ టైరుకి గొలుసు చుట్టుకుని వెళ్తారు, అలాంటి ఊరు. నేను సింగపూర్‌లో పని చేస్తున్నా, పెళ్లి కూడా ఇక్కడే రిజిస్టర్ అయింది. నలభై దాటాయి, ఉద్యోగం అంటే విసుగొచ్చేసింది, పాప ఇంకా బడికి వెళ్లే వయసు కాదు. మామగారి తోట పక్కనే రెండు హెక్టార్ల రొబస్టా రకం కాఫీ తోట అమ్మకానికి వచ్చింది, 600 మిలియన్ రూపియా అంటున్నారు. మన డబ్బుల్లో 32 లక్షల పైచిలుకు. మా నర్సీపట్నం దగ్గర ఆ డబ్బుకి రోడ్డు పక్కన ఎకరం అడిగితే నవ్వుతారు. పైగా కిలో 20 వేల రూపియా చుట్టూ తిరిగే కాఫీ 2024లో 70 వేలు దాటింది, ఊళ్లో సగం మంది కొత్త బైకులు కొన్నారు. విదేశీయుడి పేరు మీద రాయరు కాబట్టి బావమరిది పేరున రాయిద్దాం అంటున్నారు మామగారు. మనిషి మంచోడే. పెట్టొచ్చా? అక్కడ బతకడం ఎలా ఉంటుంది? ఉత్తినే భయపెట్టకుండా అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రియావు_మిల్లు
బావమరిది పేరు దగ్గరే ఆగిపోండి. మిగతాది తర్వాత.

పావలా_వడ్డీ
మంచోడే అని మీరే ముందుగా చెప్పుకున్నారు చూడండి, అక్కడే నాకు అనుమానం వచ్చింది 😀

నోటరీ_గారు
నేను నోటరీని కాదు, జకార్తా ఆఫీసులో భూమి కాగితాలు చూసీ చూసీ ఫ్రెండ్స్ పెట్టిన పేరు. విషయం ఏంటంటే 1960 నాటి భూచట్టం ప్రకారం హక్ మిలిక్, అంటే పూర్తి యాజమాన్యం, ఇండోనేషియా పౌరులకి మాత్రమే. విదేశీయుడు వెనక ఉండి పౌరుడి పేరు మీద కొనిపిస్తే 26వ సెక్షన్ కింద ఆ లావాదేవీయే చెల్లదు. భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు వెనక్కి అడిగే హక్కు కూడా లేదు. అంటే బావమరిది దేవుడైనా మీకు రక్షణ లేదు. పక్కన ఒక అప్పు పత్రం, ఒక పవర్ ఆఫ్ అటార్నీ రాసుకుంటాం అని ఏజెంట్లు చెబుతారు, కోర్టులో అవే సాక్ష్యాలై మీ మీదికి తిరుగుతాయి.

మరి మీ ఆవిడ పౌరురాలే కదా, ఆమె పేరున ఎందుకు కొనరు? ఇక్కడ ఇంకో ముడి ఉంది. ఆస్తుల విభజన ఒప్పందం లేకపోతే పెళ్లి తర్వాత కొన్నదంతా ఉమ్మడి ఆస్తి, అందులో సగం విదేశీయుడిదే అవుతుంది కాబట్టి ఆమెకి కూడా హక్ మిలిక్ కష్టం. గతంలో ఈ ఒప్పందం పెళ్లికి ముందే రాసుకోవాలి. 2016 అక్టోబర్‌లో రాజ్యాంగ న్యాయస్థానం పెళ్లయ్యాక కూడా రాసుకోవచ్చని తీర్పిచ్చింది. ముందు మీ సింగపూర్ పెళ్లి అక్కడ నమోదైందో లేదో చూడండి, తర్వాత నోటరీ దగ్గర ఒప్పందం, దాని నమోదు, ఆ తర్వాతే భూమి, అదీ ఆవిడ పేరున.

లంపుంగ్_అల్లుడు
@నోటరీ_గారు ఇది ఎవరూ చెప్పలేదండీ. పెళ్లి అక్కడ నమోదు చేయించలేదు ఇంకా. అయితే ఆవిడ పేరున కొని ఒకట్రెండేళ్లు సింగపూర్‌లోనే ఉండి తర్వాత వెళ్దామా?

నోటరీ_గారు
అదీ కుదరదు. సాగు భూమి యజమాని ఆ భూమి ఉన్న మండలంలోనో, దాన్ని ఆనుకున్న మండలంలోనో ఉండాలని 1960ల నుంచే రూలు. ఆచరణలో చాలామంది పట్టించుకోరు, తగాదా వచ్చినప్పుడు మాత్రం అందరికీ గుర్తొస్తుంది.

పెదవేగి_గెల
మన దగ్గర కూడా ఊళ్లో లేని ఓనరు అంటే లోకువే గానీ చట్టంలో రాసుకున్నారంటే మెచ్చుకోవాలి. నాదో ప్రశ్న. ఏడాదికి హెక్టారుకి ఎంత కాస్తుంది ఆ కాఫీ? రేటు చెప్పారు, దిగుబడి చెప్పలేదు. తోట కొనేవాడు ముందు అడగాల్సింది అదే కదా.

పాంజాంగ్_పోర్ట్
బందర్ లంపుంగ్‌లో కాఫీ ఎగుమతి గోడౌన్‌లో క్వాలిటీ చూస్తాను, కాకినాడ మాది. హెక్టారుకి ఏడెనిమిది వందల కిలోల గింజ (ఎండబెట్టి పొట్టు తీశాక), బాగా చూసుకునే రైతుకి టన్ను పైన. వియత్నాం వాడు రెండున్నర టన్నులు దాటిస్తాడు. ఇక్కడ చెట్లు ముసలివి, పాత మొద్దులకే మంచి రకం అంటు కట్టుకుంటూ లాక్కొస్తారు, ఎరువు డబ్బున్న ఏడాదే వేస్తారు. రేటు మాట నిజమే, 2024 చివర్లో లండన్ మార్కెట్‌లో రొబస్టా టన్ను 5 వేల డాలర్లు దాటింది. కానీ అంతకు కొన్నేళ్ల ముందు అదే టన్ను 1500 డాలర్ల దరిదాపుల్లో కూడా నడిచింది. మీకు 600 మిలియన్లు చెబుతున్నవాడు పై రేటు చూసి చెబుతున్నాడు. పాత రేటుతో లెక్క వేసి చూడండి, కూలీలు, ఎరువు పోగా ఏం మిగులుతుందో.

అసలు సంగతి వేరే ఉంది. లంపుంగ్ బరత్‌లో కాఫీ ఉన్న నేలలో చాలా భాగం అటవీ భూమి. కొంత రక్షిత అడవి, కొంత బుకిట్ బారిసాన్ సెలతన్ నేషనల్ పార్క్ లోపల. రైతులు మూడు తరాలుగా సాగు చేస్తుంటారు, ఊరి పెద్ద సంతకం, స్టాంపుతో ఎస్‌కేటీ కాగితం ఉంటుంది, పన్ను రసీదు కూడా ఉంటుంది, చూస్తే అంతా సక్రమంగానే కనిపిస్తుంది. కానీ అది పట్టా కాదు. 1990లలో సుంబర్‌జయ వైపు రైతుల్ని ఖాళీ చేయించడానికి ఏనుగుల్ని తెచ్చి కాఫీ తోటలు తొక్కించారు. తర్వాత 35 ఏళ్ల సామాజిక అటవీ అనుమతులు ఇచ్చారనుకోండి, అవి ఊరి రైతు సంఘాలకే, అమ్ముకోవడానికి లేదు. మీకు చూపించిన కాగితం ఏంటి?

లంపుంగ్_అల్లుడు
ఎస్‌కేటీయే 😐

రియావు_మిల్లు
అయితే అయిపోయింది కదా.

పావలా_వడ్డీ
ఏనుగులు నిజమేనా లేక ఈ ఊపులో కలిపేశారా?

పాంజాంగ్_పోర్ట్
నిజమే, ఆ ప్రాంతపు వ్యవసాయం మీద రాసిన ఏ పాత రిపోర్టులో చూసినా ఉంటుంది. నేను పుట్టించలేదు.

నోటరీ_గారు
భూమి శాఖ వాళ్ల 'భూమి' అనే మ్యాప్ సైట్ ఉంది, పట్టా ఉన్న ముక్కలు అందులో కనిపిస్తాయి. అటవీ శాఖ మ్యాప్ కూడా ఆన్‌లైన్‌లోనే ఉంది. తోట మూల మీద నిలబడి ఫోన్‌లో లొకేషన్ తీసి రెండిట్లోనూ పెట్టి చూడండి. పైసా ఖర్చు లేదు. ఇక పట్టా లేని పాత సంప్రదాయ హక్కుల కాగితాలకి 2021 నాటి ప్రభుత్వ నియమాలు ఐదేళ్ల గడువు పెట్టాయి, ఆ గడువు 2026 ఫిబ్రవరి. 2017 నుంచి ఊళ్లవారీగా పట్టాలిచ్చే కార్యక్రమం నడుస్తోంది, అమ్మేవాడు ఆ పట్టా తెచ్చాకే మాట్లాడండి. తేలేనంటే ఎందుకు తేలేడో మీకే అర్థమవుతుంది.

మలంగ్_కోడలు
అందరూ భూమి దగ్గరే ఉన్నారు, ఆయన అక్కడ బతకడం ఎలా అని కూడా అడిగారు. నేను తూర్పు జావాలో మలంగ్ దగ్గర కొండ మీద ఊళ్లో ఉంటున్నా. మావారిది ఆపిల్ రైతుల కుటుంబం. అవును, భూమధ్యరేఖ దగ్గర ఆపిలే. కోత అయ్యాక ఆకులన్నీ చేత్తో దూసేస్తే చెట్టు మళ్లీ పూతకొస్తుంది, అలా ఏడాదికి రెండు కాపులు తీసేవాళ్లు. ఇప్పుడు చాలా తోటలు పీకేసి కమలా, కూరగాయలు వేస్తున్నారు. ఎండలు ముదిరాయి, చెట్లు ముసలివయ్యాయి, మందుల ఖర్చు మోయలేకపోతున్నారు.

ఊరి జీవితం గురించి చెప్తాను. మీ ఇంట్లో ఏం వండారో, ఎవరొచ్చారో, పాపకి జ్వరం ఎందుకొచ్చిందో ఊరందరికీ తెలుస్తుంది. దానికి మనం అలవాటు పడినవాళ్లమే, కాబట్టి తెల్లవాళ్లకి ఉన్నంత ఇబ్బంది మనకుండదు. కొత్త మనిషి వస్తే 24 గంటల్లో ఆర్‌టీకి, అంటే వీధి పెద్దకి చెప్పాలి, మా అమ్మ వచ్చినప్పుడు కూడా చెప్పాను. పెళ్లో, సున్తీ వేడుకో, చావో అయితే ఆడవాళ్లంతా వెళ్లి వండాలి. నేను పోను, నాకు పనుంది అంటే కుదరదు. వెళ్లకపోతే మీ ఇంట్లో కార్యానికి ఒక్కరు రారు. కవర్లలో డబ్బు పెట్టివ్వడం ఇంకో ఖర్చు. రంజాన్ అయ్యాక వచ్చే నెలలో పెళ్లిళ్లు వరసగా ఉంటాయి, ఆ నెల మా కూరగాయల ఖర్చు కంటే కవర్ల ఖర్చే ఎక్కువ. ఎవరు ఎంత పెట్టారో నోటుబుక్కులో రాస్తారు, మన చదివింపుల్లాగే.

చప్పుడు గురించి ఎవరూ చెప్పరు. మసీదు మైకు ఒకటి, దానికి వారంలోనే అలవాటు పడతారు. మా జిల్లాలో 'సౌండ్ హోరెగ్' అని లారీ నిండా స్పీకర్లు పేర్చి ఊరేగిస్తారు, కిటికీ అద్దాలు ఊగిపోతాయి, 2025లో ప్రభుత్వమే నిబంధనలు పెట్టాల్సి వచ్చింది. లంపుంగ్‌లో జావా వాళ్లే ఎక్కువ కదా, అక్కడికీ వచ్చే ఉంటుంది.

లంపుంగ్_అల్లుడు
మా మామగారి ముత్తాతలు కూడా జావా నుంచి వచ్చినవాళ్లేనట. డచ్చి వాళ్లు 1905 నుంచి జావా రైతుల్ని లంపుంగ్‌కి తరలించడం మొదలుపెట్టారు, ఆ తర్వాతి విడతల్లో ఎప్పుడో వీళ్లు దిగారు. @మలంగ్_కోడలు గారూ, పాపకి ఆరోగ్యం బాగాలేకపోతే?

మలంగ్_కోడలు
జలుబు, జ్వరాలకి పుస్కెస్మాస్ అని ప్రభుత్వ క్లినిక్ ఉంటుంది, బాగానే చూస్తారు. డెంగీ అయితే ఆలస్యం చేయకుండా టౌన్‌కి పోవాల్సిందే. మీ ఊరి నుంచి పెద్దాసుపత్రికి రాత్రి వానలో ఎంతసేపు పడుతుందో ఒకసారి బండి మీద వెళ్లి చూడండి, పగలు కాదు, రాత్రే. నాకైతే తోట లెక్క కంటే ఈ లెక్క ముఖ్యం. బీపీజేఎస్ అనే ఆరోగ్య బీమా తీసుకోండి, ఆరు నెలలు పైబడి అక్కడ పనిచేసే విదేశీయులు కూడా అందులో చేరాల్సిందే.

గోదారి_గట్టు
తిండి సంగతి చెప్పరేం? కరివేపాకు దొరుకుద్దా?

మలంగ్_కోడలు
జావాలో అరుదు, నేను కుండీలో పెంచుతున్నా. అచే, మేడాన్ వైపు మాత్రం కూరల్లో వాడతారు. మునగ చెట్లు బోలెడు. కానీ జావాలో మునగాకు శవానికి స్నానం చేయించేటప్పుడూ, గాలీ ధూళీ వదిలించడానికీ వాడతారు. నేను పెరట్లో కోసి పప్పులో వేస్తుంటే మా అత్తగారు మొదట్లో గడప దాటి లోపలికి రాలేదు. ఇప్పుడు ఆవిడే అడిగి వేయించుకుంటారు.

పావలా_వడ్డీ
మునగాకు పప్పుతో దయ్యాలన్నీ పోయుంటాయి, ఇక రేటు కూడా పెరగొచ్చు. సరే సీరియస్‌గా ఒకటి. భూమి కొనే బదులు ఆ 32 లక్షలు ఊళ్లో తిప్పితే? కోతకి ముందు రైతులందరికీ డబ్బు అవసరమే కదా, నూటికి రెండు తీసుకున్నా వాళ్లకీ మంచిది, మనకీ మంచిది.

పాంజాంగ్_పోర్ట్
ఆ పేరు పెట్టుకుని ఇంకేం చెబుతారులెండి. ఆ పని చేసేవాడు ఊళ్లో ఇప్పటికే ఉన్నాడు, తెంకులాక్ అంటారు. కోతలు మే నుంచి ఆగస్టు దాకా. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి ఇళ్లల్లో డబ్బు ఉండదు. వాడు బియ్యం ఇస్తాడు, ఎరువు ఇస్తాడు, పిల్ల పెళ్లికి డబ్బిస్తాడు, కాఫీ రాగానే తూకం, తేమ, రేటు మూడూ వాడే చెప్పి జమ చేసుకుంటాడు.

పెదవేగి_గెల
మా చిన్నప్పుడు కళ్లంలోనే ధాన్యం అప్పుకి జమేసుకుని బస్తాలు ఎత్తుకుపోయేవాళ్లు. అచ్చం అదే.

రియావు_మిల్లు
@పావలా_వడ్డీ వద్దు. వీసా మీద ఉండే పరదేశి అల్లుడు వడ్డీ వ్యాపారం చేశాడంటే ఇమిగ్రేషన్‌కి ఒక్క ఫోన్ చాలు. పైగా ముస్లిం ఊరు, వడ్డీ అంటే పాపం. బాకీ పడ్డవాడు ఎగ్గొట్టినా ఊరు వాడి పక్షమే ఉంటుంది. అడిగినప్పుడు కొద్దిగా ఇవ్వండి, వెనక్కి రాదనుకుని ఇవ్వండి, అది వేరే సంగతి.

నేను రియావులో పామాయిల్ మిల్లుల్లో చాన్నాళ్లు ఇంజినీరుగా చేశా. ఒక్కటి చెప్తా, పంట మీద బతికే ఊరికి ప్రభుత్వం ఒక్క సంతకంతో ఏం చేయగలదో చూశాను. 2022 ఏప్రిల్ 28న పామాయిల్ ఎగుమతి ఆపేశారు, మే 23 దాకా. మూడు వారాల పైచిలుకు అంతే. మిల్లుల్లో ట్యాంకులు నిండిపోయి గెలలు కొనలేకపోయారు, గెల కోసిన మర్నాటికి పాడవడం మొదలవుతుంది, రైతు ఏం చేస్తాడు? లారీలు గేటు బయట రోజుల తరబడి నిలబడ్డాయి. రెండు హెక్టార్ల రైతు అప్పుడే వాయిదాల మీద కారు కొనుంటాడు.

పెదవేగి_గెల
ఆ దెబ్బ మాకూ తగిలింది. 2022లో మా వైపు గెలలు టన్ను 23 వేలు దాటింది, ఇండోనేషియా మళ్లీ నూనె వదలగానే కొన్ని నెలల్లో 13 వేలకి దిగింది. మీ రైతు ఏడిస్తే మాకు రేటు, మీ రైతు నవ్వితే మాకు ఏడుపు.

అరకు_లోయ
మా దగ్గర అరబికా, సిల్వర్ ఓక్ మీద మిరియం పాకిస్తాం. కాఫీ రేటు పడిన ఏడాది మిరియమే బియ్యం కొంటుంది. లంపుంగ్ మిరియాలకి పెట్టింది పేరు కదా, ఒట్టి కాఫీ లెక్కే ఎందుకు వేస్తున్నారు?

పాంజాంగ్_పోర్ట్
ఉంది, గ్లైరిసిడియా చెట్ల మీద పాకిస్తారు. కానీ వేరుకుళ్లు తెగులు తోటలకి తోటలు చంపేసింది, రేటు కూడా పడేసరికి చాలామంది వదిలేశారు. అయినా కాఫీ మధ్యలో కొన్ని తీగలు ఉంచుకోవడం తెలివైన పనే.

డబ్బు పెట్టాలనే ఉంటే నేనొక దారి చెబుతా, ఒప్పుకోకపోయినా పర్లేదు. ఇక్కడ రైతు పచ్చి, దోర, పండు అన్నీ కలిపి దూసేస్తాడు, ఎందుకంటే వదిలితే రాత్రి దొంగలు దూస్తారు. మట్టి నేల మీద, రోడ్డు మీద ఆరబోస్తాడు. మధ్యాహ్నం వాన. మా గోడౌన్‌కి వచ్చేసరికి తేమ 18, 20 శాతం ఉంటుంది, ఎగుమతికి 12 చుట్టూ ఉండాలి. ఆ తేడా అంతా రైతు రేటులోంచే కోస్తారు, నల్ల గింజకీ, బూజుకీ మళ్లీ కోత. మామగారి పెరట్లో ప్లాస్టిక్ కప్పు కింద ఆరబెట్టే పందిరి, ఒక పొట్టు తీసే మిషను, ఒక తేమ మీటరు. ఇవి భూమి కాదు, ఏ చట్టమూ అడ్డం రాదు, మీ ఆవిడ పేరున చిన్న వ్యాపారంగా నమోదు చేయొచ్చు. 600 మిలియన్లలో పదో వంతు చాలు. పక్క నాలుగిళ్ల కాఫీ కూడా ఆరబెట్టి ఇవ్వచ్చు.

రియావు_మిల్లు
దొంగల సంగతి మర్చిపోకండి. పండు పండేదాకా ఉంచాలంటే కాపలా కావాలి, కాపలాకి కూలి కావాలి, ఊరంతా ఒకేసారి ఉంచితే తప్ప కుదరదు. ఇది కాగితం మీద బాగుంటుంది.

పాంజాంగ్_పోర్ట్
ఎర్రపండే కోయమని నేను అనలేదు. ఆరబెట్టడం గురించి చెప్పా. కలగూరగా దూసినా సరే, శుభ్రంగా ఆరితే రేటులో తేడా ఉంది.

ఫారెక్స్_ఫణి
ఇండియా నుంచి పంపిస్తే 10 లక్షలు దాటాక 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) పడుద్ది, చూసుకోండి.

నోటరీ_గారు
అది ఇండియాలో ఉండేవాళ్లకి. ఆయన ఎన్ఆర్ఐ, డబ్బు సింగపూర్‌లోనే ఉంది.

ఫారెక్స్_ఫణి
ఓ, సింగపూర్ చూడలేదు. అయితే కంపెనీ పెట్టేసి కంపెనీ పేరున కొనొచ్చు కదా?

నోటరీ_గారు
విదేశీ కంపెనీ అంటే 10 బిలియన్ రూపియా పైన పెట్టుబడి ప్రణాళిక చూపించాలి. మన డబ్బుల్లో ఐదు కోట్లు దాటుతుంది. రెండు హెక్టార్ల కాఫీకి ఐదు కోట్ల కంపెనీ ఎందుకండీ.

గోదారి_గట్టు
నెట్ ఉంటదా అక్కడ? ఉంటే ఉద్యోగం మానకుండా రిమోట్‌గా చేసుకోవచ్చుగా.

లంపుంగ్_అల్లుడు
సిగ్నల్ ఒక్క గీత. స్టార్‌లింక్ 2024 మే నుంచి ఇండోనేషియాలో ఉంది, మా ఊళ్లో బడికి పెట్టారు. కరెంటే సమస్య, ఉరుము ఉరిమితే పోతుంది. ప్రీపెయిడ్ మీటరు, టోకెన్ అయిపోతే పిట్టలా కీచుమంటుంది, అర్ధరాత్రి కూడా.

లంపుంగ్_అల్లుడు
అప్‌డేట్. మా ఆవిడ వాళ్ల తమ్ముడి చేత తోట నాలుగు మూలల లొకేషన్లూ తెప్పించి మ్యాపులో పెట్టింది. రెండు హెక్టార్లలో సగానికి పైగా రక్షిత అడవి గీత లోపల ఉంది. ఇంటి వైపు ముక్క బయట ఉంది గానీ పట్టా లేదు. ఈ మాట చెబితే అమ్మేవాడు వెంటనే 450కి ఇస్తానన్నాడట. మామగారికి కాస్త కోపం వచ్చింది, మా ఊళ్లో అందరివీ అలాగే ఉన్నాయి, ఎవడొచ్చి అడిగాడు అంటున్నారు.

నోటరీ_గారు
ఆయన చెప్పిందీ నిజమే. ఊరివాణ్ని ఎవరూ అడగరు. విదేశీ అల్లుడి డబ్బుతో కొన్నదని తెలిస్తే అడుగుతారు.

పావలా_వడ్డీ
ఒక మ్యాపుకి 150 మిలియన్లు తగ్గింది, రెండో మ్యాపు కూడా చూపించండి.

మలంగ్_కోడలు
మామగారి కోపం సంగతి మీరు మాట్లాడకండి, మీ ఆవిడకే వదిలేయండి. అల్లుడు నేరుగా కాదనడం అక్కడ బాగుండదు. 'ఆలోచిద్దాం నాన్నా' అని ఆమె అంటే కాదని ఆయనకి అర్థమవుతుంది, ఎవరి ముఖమూ చిన్నబోదు.

లంపుంగ్_అల్లుడు
అదే చేస్తున్నాం. తోట కొనట్లేదు, పెళ్లి నమోదు కాగితాలు మొదలుపెట్టాం. జూన్‌లో సెలవు పెట్టి కోతలన్నాళ్లూ అక్కడే ఉంటా, ఆవిడ, పాప నా కంటే ముందే వెళ్తారు. ఈలోగా పెరట్లో ఆ పందిరి వేయిద్దామని. @పాంజాంగ్_పోర్ట్ ఏ ప్లాస్టిక్ వాడాలి? ఊళ్లో షాపువాడు మామూలు టార్పాలిన్ చాలంటున్నాడు.

పాంజాంగ్_పోర్ట్
టార్పాలిన్ వద్దు, లోపల చీకటిగా, ఉక్కగా ఉండి బూజు పడుతుంది. నర్సరీలకి అమ్మే యూవీ ప్లాస్టిక్ 200 మైక్రాన్‌ది అడగండి, లివాలో లేకపోతే బందర్ లంపుంగ్ నుంచి బస్సులో వేయిస్తా. వెదురు బల్లలు నడుం ఎత్తులో, అడుగున గాలి ఆడేలా వల. రెండు చివరలా తెరిచి ఉంచండి, సాయంత్రం మూసేయండి. పరిచిన గింజ మందం రెండు వేళ్లకి మించకూడదు, రోజుకి నాలుగైదు సార్లు కలియబెట్టాలి. ఆ పని ఎవరు చేస్తారో ముందే మాట్లాడుకోండి, మొదటి వారం తర్వాత పిల్లలు కూడా పారిపోతారు.